కథకు కట్టని త్యాగం: నల్గొండ, పాలమూరు ఆటగాళ్ళ పైరసీ నీతి

పైరసీ ఆటను కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నవాళ్ళకు ఆ ఫోల్డర్‌లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు తగులుతుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన అక్షరాలతో అల్లిన బొమ్మ, దాని కింద ఆట రక్షణను ఛేదించిన ముఠా పేరు, క్రాక్ ఫైలును ఏ ఫోల్డర్‌లో పేస్ట్ చేయాలో రెండు మూడు సూచనలు ఉంటాయి. చాలా ఫైళ్ళలో అన్నిటికన్నా కింద ఒక సలహా కూడా ఉంటుంది: ఆట నచ్చితే కొనుక్కోండి, తయారుచేసినవాళ్ళను నిలబెట్టండి. క్రాక్ చేసిన చేతులే ఇలా రాయడం చూస్తే నవ్వొస్తుంది. అయినా దీన్ని ఉత్త వేషమని తీసిపారేయలేం. ఇక్కడ ఎవరికో ఏదో బాకీ పడ్డామన్న ఎరుక పైరసీ చేసేవాడిలోనూ ఉందని ఆ ఒక్క వాక్యం ఒప్పుకుంటోంది.

ఈ వ్యాసం ఆ బాకీ స్వరూపం గురించి. స్కైరిమ్, విచర్, బాల్డర్స్ గేట్ వంటి ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ఆటగాడు ఒక పాత్రను తానే మలుచుకొని, ఒక కల్పిత రాజ్యంలో వందేసి గంటలు బతుకుతాడు. వాటి అభిమానుల మధ్య పైరసీ వాదన మొదలైతే ఇది దొంగతనమా, కాదా అన్న దగ్గరే చిక్కుకుంటుంది. దొంగిలిస్తే యజమాని దగ్గర వస్తువు పోవాలి, ఇక్కడ పోలేదు కదా అని ఒకరు. శ్రమకు డబ్బు ఇవ్వకపోతే అది దొంగతనం కాక మరేమిటని ఇంకొకరు. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కథ చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య నడిచిన పాత ఒప్పందాలను దగ్గర పెట్టుకుని చూస్తే, ఈ ప్రశ్నను మరోలా అడగవచ్చని నా అభిప్రాయం.

ముందు పరిస్థితి. 2000ల్లో నల్గొండలో గానీ పాలమూరులో గానీ ఒరిజినల్ ఆట కొందామన్నా అమ్మేవాడు కనిపించేవాడు కాదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా పోతే పెద్ద కంప్యూటర్ మార్కెట్ ఉండేది. ఊళ్ళో ఉన్నది సీడీల దుకాణం, ఇంటర్నెట్ సెంటర్. పాలిథిన్ కవర్లో లేబుల్ లేని డీవీడీ, దాని మీద మార్కర్‌తో రాసిన ఆట పేరు, ఒక్కోసారి తప్పు స్పెల్లింగ్‌తో. ఆ తర్వాతి దశ హాస్టళ్ళది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు దసరాకు ఊరికి వస్తూ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తెచ్చేవాళ్ళు. అందులో సినిమాలు, సాఫ్ట్‌వేర్, ఆటలు అన్నీ ఒకేచోట ఉండేవి. ఏది కొన్నది, ఏది కొట్టేసింది అన్న తేడా ఆ డిస్క్‌లో ఎక్కడా కనపడదు. పిల్లవాడికి ఆ తేడా ఎదురైన సందర్భమే లేదు.

ఇది తర్వాత మారింది. ప్రపంచంలోనే పెద్ద ఆన్‌లైన్ కంప్యూటర్ ఆటల దుకాణమైన స్టీమ్ 2015 నవంబరులో రూపాయల్లో ధరలు పెట్టింది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. క్రెడిట్ కార్డు లేనివాడికి కూడా కొనే దారి మెల్లగా ఏర్పడింది. కాబట్టి 2006 నాటి పైరసీనీ 2024 నాటి పైరసీనీ ఒకే గాటన కట్టలేం. అప్పుడు కొనే వీలే లేదు. ఇప్పుడు వీలుంది, స్తోమతు సంగతి వేరు.

ఆ స్తోమతు లెక్క ఒకసారి చూద్దాం. 2023 ఆగస్టులో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 ధర మన దేశంలో 2,999 రూపాయలు, అమెరికాలో సుమారు 60 డాలర్లు. 2024-25లో తెలంగాణలో ఉపాధిహామీ రోజు కూలి 300 రూపాయలు. అంటే పది రోజుల కూలి. అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు, అక్కడ అదే ఆట ఎనిమిది గంటల పైచిలుకు పనితో వస్తుంది. మట్టిపనికి పోయి పిల్లల్ని చదివించుకున్న పాలమూరు ఇళ్ళల్లో ఈ ధర ఎలా వినిపిస్తుందో వేరే చెప్పనక్కరలేదు. డిస్కౌంట్ సేల్స్‌లో పాత ఆటలు చాలా చవగ్గా వస్తాయన్నది కూడా నిజమే. స్కైరిమ్ 2011 నాటిది, విచర్ 3 2015 నాటిది. పేదరికం సాకు కొత్త ఆటకు పనిచేసినంతగా పదేళ్ళ నాటి ఆటకు పనిచేయదు.

ఉన్నోడి దగ్గర తీసుకుని లేనోడికి పంచితే తప్పేంటి అన్న వాదన పాలమూరుకు పరాయిది కాదు. పండుగ సాయన్న కథ ఈ నేలదే. నిజాం కాలంలో భూస్వాముల ధాన్యం కొల్లగొట్టి పేదలకు పంచిన సాయన్నను కిన్నెర వాయించే కళాకారులు తరతరాలుగా పాడుతూ వచ్చారు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య ఆ పరంపరలోనివాడే. పైరసీ చేసేవాడికి ఇటువంటి వీరత్వాన్ని ఆపాదించడం ఈ మధ్య కూడా చూశాం. 2025 నవంబరులో సినిమాల పైరసీ సైటు ఐబొమ్మ నిర్వాహకుడన్న ఆరోపణపై హైదరాబాద్ పోలీసులు ఒకరిని అరెస్టు చేస్తే, సోషల్ మీడియాలో ఎందరో ఆయన్ను రాబిన్‌హుడ్ అన్నారు. ఆ సైటుకు బెట్టింగ్ యాప్‌లతో సంబంధాలున్నాయని పోలీసులు ఆరోపించారు. తీర్పు కోర్టుది. కానీ పోలిక మాత్రం నిలవదని నాకనిపిస్తుంది. సాయన్న కొట్టిన గరిసెలోని ధాన్యం పండించింది ఆ దొర కాదు, పంచుకున్నవాళ్ళే. ఆట రాసిన ప్రోగ్రామరు, బొమ్మలు గీసిన చిత్రకారుడు, సంభాషణలు రాసిన రచయిత నెలజీతాల మీద బతికేవాళ్ళు. పైగా సాయన్న తలను పణంగా పెట్టాడు. టొరెంట్ క్లయింట్ తెరిచి పడుకున్నవాడు పెట్టిన పణం కరెంటు బిల్లు.

అయితే ఒక్క కోణంలో ఆ పోలికకు ప్రాణముంది. తాను తీసుకోవడంతో ఆగకుండా పైసా ఆశించకుండా ఇంకొకరికి పంచేవాడు వేరు, ఫుట్‌పాత్ మీద డీవీడీ అమ్మేవాడు, ప్రకటనల కోసం సైటు నడిపేవాడు వేరు. అభిమానులు ఈ తేడాను చాలా గట్టిగా పాటిస్తారు. అమ్ముకునేవాడి మీద వాళ్ళకున్న కోపం కంపెనీల కోపానికి తీసిపోదు.

రోల్‌ప్లేయింగ్ అభిమానులకు ఈ తూకం అలవాటు చేసింది ఆటలే. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్రల స్వభావాన్ని మొదట క్రమం, అరాచకం అన్న ఒక్క కొలతతోనే చూసేవాళ్ళు. ఆ దశాబ్దం చివరికి మంచి, చెడు అన్న రెండో కొలత చేరింది. చట్టాన్ని పాటించే దుర్మార్గుడు, చట్టాన్ని లెక్కచేయని మంచివాడు ఇద్దరూ ఆ పట్టికలో ఇమిడిపోతారు. 2006 నాటి ఆబ్లివియన్‌లో దొంగల సంఘంలో చేరితే కొన్ని నియమాలు ఒప్పుకోవాలి: తోటి దొంగ సొత్తు ముట్టుకోకూడదు, పని మీదున్నప్పుడు ఎవరినీ చంపకూడదు, పేదవాణ్ణి దోచకూడదు. ఆ ఆటను పైరసీ చేసి ఆడుతూ ఆ మూడో నియమాన్ని శ్రద్ధగా పాటించిన కుర్రవాళ్ళు ఎందరో ఉంటారు. దాన్ని కపటమనలేం. చట్టబద్ధత వేరు, న్యాయం వేరు అన్న జ్ఞానాన్ని వాళ్ళు ఆటలోంచే నేర్చుకున్నారు, దాన్నే ఆట మీద ప్రయోగించారు.

ఇక మన పాత ఒప్పందం. తెలంగాణ పల్లెల్లో కులపురాణాలు చెప్పే ఆశ్రిత కులాలున్నాయి. పద్మశాలీలకు కూనపులివాళ్ళు, ముదిరాజులకు కాకిపడగలవాళ్ళు, గొల్లలకు మందెచ్చులవాళ్ళు, మాదిగలకు డక్కలివాళ్ళు. వీళ్ళ కథల నిండా రాక్షసులు, శాపాలు, మహిమలున్న ఆయుధాలు, పుట్టుకతోనే మాట్లాడే శిశువులు. ఫాంటసీ అన్నది ఈ జిల్లాలకు స్టీమ్ మోసుకొచ్చిన సరుకు కాదు. ఈ కథకుల హక్కు, మిరాశీ, కథ మీద ఉండేది కాదు. కథ అందరికీ తెలిసిందే. హక్కు ఊళ్ళ మీద ఉండేది. ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివి. అన్నదమ్ములు వేరుపడితే ఊళ్ళనూ పంచుకునేవాళ్ళు. ఒకరి మిరాశీ ఊళ్ళో ఇంకొకరు కథ బొమ్మల పటం విప్పితే కులపంచాయతీలో తప్పు కట్టాల్సిందే. వినేవాళ్ళు ఇచ్చేది త్యాగం. అది ధాన్యం కావచ్చు, డబ్బు కావచ్చు, మేక కావచ్చు. పంట వచ్చిన ఏడు ఎక్కువ, కరువు ఏడు తక్కువ. మొత్తంగా ఎగ్గొట్టడానికి మాత్రం వీల్లేదు.

ఈ ఏర్పాటును అందంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. కులం అనే గోడ లోపల నడిచిన వ్యవహారం ఇది, కథకులను అడుక్కునే వాళ్ళుగా చూసిన చూపు దానిలోనే ఉంది. అయినా నీతి వైపు నుంచి ఇందులో గమనించాల్సింది ఉంది. బాకీ పుట్టేది కాపీ వల్ల కాదు. కథకుడు నీ వాకిట్లోకి వచ్చాడు, నీ మాటలో చెప్పాడు, నువ్వు రాత్రంతా కూర్చుని విన్నావు. అందుకని బాకీ పడ్డావు. ఆ బాకీ వినేవాడి స్తోమతును బట్టి పెరుగుతుంది, తరుగుతుంది.

ఆటల ప్రపంచంలో ఈ లెక్క అర్థమైనవాళ్ళు పోలండ్‌లో కనిపిస్తారు. ఆ దేశంలో 1994లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ నకలు బజార్లలో బాహాటంగా అమ్ముడయ్యేది. అదే ఏడాది వార్సాలో మార్చిన్ ఇవిన్‌స్కీ, మిహావ్ కిచిన్‌స్కీ సీడీ ప్రొజెక్ట్ పెట్టారు. 1999లో బాల్డర్స్ గేట్‌ను తమ దేశంలో అమ్మేటప్పుడు వాళ్ళు నకిలీల మీద దాడులు చేయించే దారి పట్టలేదు. ఆటనంతా పోలిష్‌లోకి మార్చి, పేరున్న నటులతో మాట్లాడించి, పెట్టెలో పటం, పుస్తకం, పాటల సీడీ పెట్టారు. బజారు నకలులో దొరకనివి ఇవే. ఆట బాగా అమ్ముడైంది. ఆ సంస్థే తర్వాత విచర్ ఆటలు తీసింది, రక్షణ తాళాలు లేని ఆటలమ్మే గాగ్ దుకాణాన్ని 2008లో తెరిచింది. అంత తెలిసినవాళ్ళు కూడా విచర్ 2 విషయంలో జర్మనీలో పైరసీ చేశారనుకున్నవాళ్ళకు డబ్బు కట్టమని లాయరు నోటీసులు పంపించారు. కొననేలేదు, ఆడనేలేదు అన్నవాళ్ళకూ అవి చేరాయన్న గొడవ రేగి 2012 జనవరిలో మానుకున్నారు. బల్ల మీద ఆడే ఆటలదీ అటువంటి కథే: డంజన్స్ అండ్ డ్రాగన్స్ ప్రచురించే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2009 ఏప్రిల్‌లో పైరసీకి జడిసి తమ నియమపుస్తకాల పీడీఎఫ్‌ల అమ్మకమే ఆపేసింది. డబ్బిచ్చి కొనేవాడికి దారి మూసుకుపోయింది, కొట్టేసేవాడికి ఏ నష్టమూ రాలేదు.

మన చట్టం సంగతి క్లుప్తంగా. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్యకృతుల జాబితాలో చేర్చింది. 63-బి సెక్షన్ ప్రకారం నకలు ప్రోగ్రామని తెలిసి వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడనప్పుడు తగిన కారణాలు తీర్పులో రాసి, జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో వదిలే వెసులుబాటు కోర్టుకుంది. అమ్ముకునేవాడినీ ఆడుకునేవాడినీ వేరుచేసి చూసే చూపు చట్టంలోనూ ఉందన్నమాట, అభిమానులు దాన్ని చదివి ఉండకపోయినా.

పాత కథకుడిలా కంపెనీలు మన వాకిట్లోకి రాలేదు కాబట్టి మనకు బాకీ లేదని ఇక్కడితో తీర్మానించుకునే ప్రమాదముంది. వాకిట్లోకి వచ్చినవాళ్ళూ ఉన్నారు. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసుర అనే ఆటను స్టీమ్‌లో విడుదల చేసింది. మన పురాణాల రాక్షసలోకం నుంచి అల్లిన, కత్తి పట్టి పోరాడే ఆట అది. చేసింది చిన్న బృందం. నల్గొండ నుంచి రెండు మూడు గంటల బస్సు ప్రయాణం దూరంలో కూర్చుని పనిచేసినవాళ్ళు. స్కైరిమ్ చేసిన బెథెస్డా ఆటను కొట్టేయడానికి చెప్పే ఏ ఒక్క కారణమూ ఇక్కడ పనికిరాదు. చిన్నవాళ్ళ మీద పైరసీ దెబ్బ ఎలా ఉంటుందో 2013లో గ్రీన్‌హార్ట్ గేమ్స్ బయటపెట్టింది. ఆటల కంపెనీ నడిపే తమ గేమ్ డెవ్ టైకూన్‌కు పైరసీ నకలును తామే విడుదల చేసి, ఆ నకలులో ఆటగాడి కంపెనీ పైరసీ వల్ల దివాలా తీసేలా మార్చారు. మొదటి రోజు అసలుది ఆడినవాళ్ళు 214 మంది, నకలు ఆడినవాళ్ళు 3,104 మంది. నకలు ఆడినవాళ్ళలో కొందరు తమ కంపెనీ మునిగిపోతోంది, పైరసీని అడ్డుకునే దారి ఆటలో ఎక్కడుందని అడిగారు కూడా.

కాబట్టి బాకీని మనిషిని బట్టి, చేసినవాణ్ణి బట్టి, సంవత్సరాన్ని బట్టి లెక్కగట్టాలన్నదే నా వాదన. 2007లో మిర్యాలగూడలో మార్కర్ రాతల డీవీడీ మీద ఆబ్లివియన్ ఆడిన పిల్లవాడు ఇవాళ మాధాపూర్‌లో జీతం తీసుకుంటూ ఉంటే, అతని బాకీకి కాలదోషం పట్టలేదు. సేల్‌లో ఆ పాత ఆటను ఇప్పుడు కొని ఊరుకునేవాళ్ళు ఉన్నారు. మళ్ళీ ఇన్‌స్టాల్ కూడా చేయరు, కొంటారు. ఇన్నేళ్ళ తర్వాత త్యాగం చెల్లించిన తీరది. గద్వాలలో డిగ్రీ చదివే పిల్ల ఈ రోజు పైరసీ ఆట ఆడితే ఆమె మీద నేను మోపే భారం చాలా తక్కువ, అదీ అసుర విషయంలో అయితే తక్కువ కాదు.

కంపెనీల వైపు కూడా ఒక పద్దు మిగిలే ఉంది. డబ్బిచ్చి కొన్న ఆట సొంతం కాదు, వాడుకునే అనుమతి మాత్రమేనన్న సంగతిని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలని కాలిఫోర్నియా 2024లో చట్టమే చేయాల్సి వచ్చింది. ఇక స్కైరిమ్, విచర్ 3, బాల్డర్స్ గేట్ 3, ఈ మూడింటిలో ఏ ఒక్కటీ తెలుగులో మాట్లాడదు. సుమారు నాలుగు కోట్ల జనం మాట్లాడే పోలిష్‌కు 1999లో ఒక పంపిణీదారు చేసిన పనిని ఎనిమిది కోట్ల మంది మాట్లాడే తెలుగుకు చేయాలని వీటి తయారీదారుల్లో ఎవరికీ ఇంకా తోచలేదు.