చెవి ఒగ్గమన్న పాత మాట

సూరత్ దగ్గర తపతి సముద్రంలో కలిసే చోటు హజీరా. ఇప్పుడక్కడ ఉక్కు కర్మాగారం, గ్యాస్ టెర్మినల్, పెద్ద రేవు ఉన్నాయి. ఆ ఒడ్డునే ఇంకొంచెం పైకి వెళితే సువాలీ వస్తుంది. 17వ శతాబ్దంలో సూరత్ సరుకు కోసం వచ్చిన ఇంగ్లీషు ఓడలు లంగరు వేసింది అక్కడే. 1612 చివర్లో కెప్టెన్ థామస్ బెస్ట్ పోర్చుగీసు ఓడలను ఎదుర్కొన్నదీ ఆ నీళ్లలోనే. అంతకు ముందు ఏడాదే, 1611లో, ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మన మచిలీపట్నం చేరింది. కింగ్ జేమ్స్ బైబిల్ అచ్చయిందీ ఆ ఏడాదే.

ఆ తరం ఇంగ్లీషువాళ్ల నోట బాగా నలిగిన మాటలు హార్క్, హార్కెన్. రెంటికీ అర్థం శ్రద్ధగా వినమని. ఆ బైబిల్‌లో హార్కెన్ వందకు పైగా చోట్ల కనిపిస్తుంది. షేక్‌స్పియర్ నాటకాల్లో ఏదైనా అలికిడి కాగానే పాత్రలు హార్క్ అంటాయి.

వినడమనే అర్థం ఉన్న హియర్‌కూ హార్క్‌కూ మూలం ఒకటే. టేల్ నుంచి టాక్ వచ్చినట్టే, ఇక్కడా చివర 'క' చేరింది. హార్కెన్ పాత ఇంగ్లీషు నాటిది. హియర్‌ను చూసి దాని స్పెల్లింగులోకి 'ఇ' అక్షరం వచ్చి చేరింది గానీ పలుకు మారలేదు. ఇక లిసన్ వేరే మూలం నుంచి వచ్చింది. మన శ్రవణం, శ్రుతి పుట్టిన 'శ్రు' ధాతువుకు అది దూరపు చుట్టం.

రోజువారీ మాటల్లోంచి హార్క్ ఏనాడో తప్పుకుంది. చార్లెస్ వెస్లీ 1739లో అచ్చువేసిన క్రిస్మస్ కీర్తన మొదటి మాటగా మాత్రం ఏటా వినిపిస్తూనే ఉంది. హార్క్ బ్యాక్ అన్న పలుకుబడి వేట నుంచి వచ్చింది. వాసన తప్పిన వేటకుక్కలను వచ్చిన దారినే వెనక్కి మళ్లించే కేక అది. పాత సంగతికి తిరిగి వెళ్లడం అన్న అర్థం అలా స్థిరపడింది.

హార్కెన్‌లో వినడంతో పాటు విన్నదాన్ని పాటించడం కూడా ఉంది. ఇది మనకు కొత్త కాదు. మాట వినని పిల్లాడంటే చెవులు బాగానే ఉండి, చెప్పినట్టు చేయనివాడనే కదా! అందుకే తెలుగు బైబిల్‌లో ఆలకించు అన్న మాట అంత చక్కగా అమరింది. మొర ఆలకించమని దేవుణ్ణి వేడుకునేవారు చప్పుడు వినమని కోరరు, కదలి రమ్మని కోరతారు. పాత ఇంగ్లీషు పుస్తకం చదివే పిల్లలకు హార్కెన్ అంటే విను అని చెప్పి ఊరుకోకూడదు. ఆలకించు అని చెబితే ఆ మాట బరువు వాళ్లకు పూర్తిగా అందుతుంది.