మొదట జన్యువు, తరువాత జీవి, చివరకు పేరు

సముద్రపు నీటిలోని బాక్టీరియాకు రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో లెక్కిస్తే, ఒక్క మిల్లీలీటరులో లక్షలకొద్దీ కణాలు కనిపిస్తాయి. అదే నీటిని అగార్ పళ్ళెం మీద పెంచితే, ఎదిగి కంటికి కనిపించేవి నూటికి ఒకటి కూడా ఉండవు. అమెరికన్ శాస్త్రవేత్తలు జేమ్స్ స్టేలీ, ఆలన్ కొనోప్కా 1985లో ఈ తేడాను ‘పళ్ళెపు లెక్కలోని మహా వైపరీత్యం’ అన్నారు. పళ్ళెం మీద పెరగని ఆ మిగిలినవి ఏమిటన్న ప్రశ్నకు జవాబు వెతకడంలోనే సముద్ర బాక్టీరియా వర్గీకరణ చరిత్ర మలుపు తిరిగింది.

పళ్ళెంలో పెంచే పద్ధతి వైద్యం నుంచి వచ్చింది. 1880లలో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ రోగకారక బాక్టీరియాను శుద్ధ వర్ధనంగా వేరుచేశాడు. మనిషి శరీరంలో సమృద్ధిగా ఆహారం దొరికే ఆ జీవులకు మాంసరసంతో చేసిన యానకం బాగా సరిపోయింది. 1923లో అమెరికాలో తొలిసారి వెలువడిన బెర్జీ మాన్యువల్ కూడా అలా పెంచగలిగిన వాటినే ఆకారం, రంజనం, కిణ్వన లక్షణాలను బట్టి వర్గీకరించింది. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సంస్థలో క్లాడ్ జోబెల్ సముద్రపు నీటికి పెప్టోన్, ఈస్ట్ సారం చేర్చి రూపొందించిన యానకం దశాబ్దాలపాటు ప్రమాణంగా నిలిచింది. విందుకు వచ్చినవే అందులో పెరిగాయి. పోషకాలు అతి తక్కువగా ఉండే నడిసముద్రంలో బతకడానికి అలవాటుపడినవి జాబితాకు ఎక్కలేదు.

1977 నాటికి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో కార్ల్ వోజ్ రైబోసోమల్ ఆర్‌ఎన్‌ఏ వరుసల ఆధారంగా జీవుల వంశవృక్షాన్ని గీయవచ్చని చూపాడు. ఆ జన్యువును జీవిని పెంచకుండా నేరుగా పరిసరాల నుంచే సేకరించవచ్చని నార్మన్ పేస్ గ్రహించాడు. 1990లో ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టీఫెన్ జోవనోని బృందం బెర్ముడా సమీపంలోని సర్గాసో సముద్రపు నీటిలో ఈ పద్ధతిని ప్రయోగించింది. అప్పటివరకు పెంచిన ఏ బాక్టీరియాతోనూ సరిపోలని ఒక వంశం బయటపడింది. దానికి ‘సార్11’ అన్న గుర్తు మాత్రమే దక్కింది. ప్రతిదీప్త శోధకాలతో లెక్కించగా, సముద్ర ఉపరితల జలాల్లోని సూక్ష్మజీవ కణాల్లో సగటున మూడో వంతు ఈ వంశానివేనని 2002లో తేలింది. అందులోని శాఖలు కూడా లోతును బట్టి వేరువేరుగా విస్తరించి ఉన్నాయి: కొన్ని వెలుతురు పడే పైపొరల్లో, మరికొన్ని చీకటి లోతుల్లో.

అదే సంవత్సరం ఆ బృందం ఈ జీవిని పెంచడంలోనూ సఫలమైంది. విందు పెట్టడం మానేసి, ఒరెగాన్ తీరపు నీటినే శుద్ధిచేసి యానకంగా వాడింది. ఒక్కో గుంటలో కొద్ది కణాలే పడేటట్టు పలచన చేసి, వారాల తరబడి వేచిచూసింది. కణాలు పెరిగినా నీరు మసకబారదు కనుక వాటిని సూక్ష్మదర్శినిలోనే గుర్తించవలసి వచ్చింది. ‘అంతటా ఉండేది’ అన్న అర్థంలో దానికి పెలాజిబాక్టర్ యుబీక్ అని పేరు పెట్టారు. 2005లో వెల్లడైన దాని జన్యుపటంలో ఉన్నవి సుమారు 13 లక్షల క్షారజంటలే. స్వతంత్రంగా జీవించే కణాల్లో అప్పటికి తెలిసినంతలో అదే అతి చిన్న జన్యుపటం.

అయినా ఆ పేరుకు ముందు ‘కాండిడేటస్’, అంటే ‘అభ్యర్థి’, అన్న మాట చేరింది. కొత్త జాతి పేరు చెల్లాలంటే దాని శుద్ధ వర్ధనాన్ని రెండు దేశాల్లోని భాండాగారాల్లో భద్రపరచాలన్నది అంతర్జాతీయ నియమం. హైదరాబాదు శాస్త్రవేత్తలు విశాఖపట్నం తీరజలాల నుంచి పెంచిన రోడోవులం విశాఖపట్నమెన్స్ ఆ నియమం ప్రకారం పూర్తి పేరు పొందింది. సముద్రమంతటా నిండి ఉన్న జీవి మాత్రం అభ్యర్థిగా మిగిలింది. జన్యుపటాన్నే ప్రమాణంగా అంగీకరించాలన్న ప్రతిపాదనను 2020లో అంతర్జాతీయ సంఘం తిరస్కరించింది. దానితో ఆ ప్రతిపాదనను సమర్థించినవారు 2022లో ‘సీక్‌కోడ్’ అనే వేరే నియమావళిని తెచ్చారు. పళ్ళెం మీద పెరగని జీవులకు కూడా శాశ్వతమైన పేరు పెట్టే మార్గం అలా ఏర్పడింది.