బోస్టన్‌లో ఒక తెలుగు విద్యార్థి తొలి రోజులు

ప్రతి సంవత్సరం మన సంఘంలోని కుటుంబాల నుండి ఒకరిద్దరు పిల్లలైనా పైచదువుల కోసం దూరదేశాలకు ప్రయాణమవుతారు. తల్లులు పచ్చళ్ళు, పొడులు మూటగడతారు. తండ్రులు ఫీజుల లెక్కలు చూసుకుంటారు. ఈ మధ్య నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి పరాయి దేశం చేరిన వారానికే తల్లికి ఫోను చేసి, "హోటల్లో పళ్ళాలు కడిగే పని దొరికిందమ్మా, నాన్నకు మాత్రం చెప్పకు" అన్నాడట. ఆ తల్లి ఈ మాట నాతో చెప్పి కన్నీళ్ళు పెట్టుకున్నది. ఆమెకు నేను చెప్పిన చరిత్రనే ఇక్కడ వ్రాస్తున్నాను. నాది సాయంత్రపు బడిలో నేర్చుకున్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

1922 అక్టోబరు 26వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక తెలుగు యువకుడు అడుగు పెట్టాడు. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు సంగ్రహణి వ్యాధితో కొద్ది రోజుల తేడాలో కన్నుమూశారు. ఆ దుఃఖమే ఆయనను వైద్యపరిశోధన వైపు నడిపించిందని చెబుతారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఒక తెల్ల ఆచార్యుడికి గిట్టలేదు. చదువు బాగా వచ్చినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదవాలని సంకల్పించారు.

మరి ప్రయాణానికి డబ్బు? మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. ఈ సత్యలింగం నాయకర్ ఎవరో మన పిల్లలకు తెలియాలి. ఆయనది గోదావరి తీరాన కోరంగి. 1839లో పెనుతుఫానుకు ధ్వంసమైన పాత రేవు అది. ఆ తీరం నుండి వేలాది తెలుగువారు బర్మాకు కూలికి పోయేవారు. అందువల్లనే అక్కడ తెలుగువారందరినీ కోరంగీలు అని పిలిచేవారు. సత్యలింగం కూడా అలాగే రంగూను చేరి, కూలిగా మొదలుపెట్టి, ఓడలకు సరుకు ఎక్కించి దించే వ్యాపారంలో గొప్ప ధనవంతుడై, ఆస్తిని విద్యాదానానికి వ్రాసిపోయారు. ఒక కోరంగి కూలి చెమట బోస్టన్ చదువుకు ఆసరాగా నిలిచింది.

అక్టోబరు చివర బోస్టన్‌లో ఆకులు రాలుతాయి. ఆపైన మంచు. గోదావరి ఎండలో పెరిగిన మనిషికి ఆ చలి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. హార్వర్డులో డాక్టరు రిచర్డ్ స్ట్రాంగ్ ఆదరించి చేర్చుకున్నారు. కానీ స్కాలర్‌షిప్పు లేదు. మద్రాసులో వైద్యుడైన ఆయనకు అక్కడ వైద్యం చేసే అధికారం లేదు. అందుచేత పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో రాత్రి పనివాడుగా చేరారు. ఏమి పని? రోగుల మలమూత్రపు పాత్రలు ఎత్తి కడగటం. పగలు తరగతి, రాత్రి ఈ పని. అగ్రకులంలో పుట్టి, డాక్టరు చదివి, ఆ పని చేతపట్టిన మనిషి గుండె ఎంత గట్టిదో మనం ఆలోచించాలి.

ఆ తరువాతి చరిత్ర లోకానికి తెలిసిందే. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. ఆ పద్ధతికి ఇద్దరి పేర్లూ నిలిచాయి. 1929లో శరీరకణాల శక్తికి ఆధారమైన ఏ.టి.పి. గురించి ప్రకటించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరాక ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు అది పనికివచ్చే మందు. బోదకాలుకు హెట్రజాన్ మందు కూడా అక్కడిదే. 1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే మరణించారు.

ఇంకొక సంగతి దాచకూడదు. ఆయన మళ్ళీ స్వదేశం రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. భర్త మందులతో లోకంలో ఎందరో బ్రతికారు, ఆమెకు మాత్రం భర్త తిరిగి దక్కలేదు. గొప్పవారి కథ చెప్పేటప్పుడు ఈ భాగం వదిలేస్తే చరిత్ర సగమే అవుతుంది.

మా తాత విశాఖ ప్రాంతం నుండి మలయాకు ఓడలో వచ్చాడు. పినాంగు దగ్గర జెరెజాక్ దీవిలో క్వారంటీనులో ఉంచి, తరువాత రబ్బరు తోటకు తీసుకుపోయారట. లైను ఇంట్లో మొదటి రాత్రి ఎలా గడిపాడో, ఏమి తిన్నాడో, ఎవరిని తలచుకుని ఏడ్చాడో నేను అడగలేదు. ఇంగ్లీషు బడిలో చదువుకునే నాకు ఆ రోజుల్లో తోట కూలి మనవడినని చెప్పుకోవడమే సిగ్గుగా ఉండేది. నేను అడుగుదామని అనుకునే నాటికి తాత లేడు. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఈ పాఠం ఆలస్యంగా వచ్చింది.

అందుచేత విదేశాలకు పోయే మన బిడ్డలకు నా మనవి రెండే మాటలు. చేతిపనికి సిగ్గుపడకండి, ఇంటికి కబురు మానకండి. పెద్దలకు కూడా ఒక మనవి. మీ తొలి రోజుల సంగతులు పిల్లలు అడగకపోయినా చెప్పండి.

ఆ అబ్బాయి సంగతి చెప్పి ముగిస్తాను. తల్లి ఈ కథ ఫోనులో వినిపించిందట. మరునాడు వాడే తండ్రికి ఫోను చేసి పళ్ళాల పని గురించి చెప్పాడు. తండ్రి కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా నాన్న తోటలో పాలు తీశాడురా. చేతులు చలికి పగలకుండా కొబ్బరినూనె రాసుకో" అన్నాడట.