పొడుగు గొట్టము, చిన్న తూటా

తుపాకి గొట్టము ఎంత పొడుగైన దెబ్బ అంత గట్టిదని మనలో చాలమంది అనుకొందురు. కోటబొమ్మాళి, టెక్కలి, పలాస ప్రాంతములనుండి సైన్యమునకు పోయివచ్చినవారు ఎందరో కలరు. విద్యార్థిదశలో ఎన్.సి.సి. దుస్తులు ధరించి పాయింటు టూటూ రైఫిలు పట్టినవారును కలరు. అయినను ఈ తలంపు చెక్కుచెదరలేదు. అది పుట్టుటకు ఒక కారణమున్నది. చిన్న తూటా విషయమున అది చెల్లకుండుటకు వేరొక కారణమున్నది. ఆ రెంటిని చరిత్ర వెలుగులో పరిశీలింతము.

సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి నూరిన నల్లమందు శతాబ్దములపాటు తుపాకులను ఏలినది. తూర్పు కనుమల వేటగాండ్రు పట్టిన నాటుతుపాకి కూడ ఆ జాతిదే. మందును గొట్టము మూతినుండి దట్టించి, దానిపై గుండు వేసి కూరవలెను. అంత మందు కాలి పుట్టిన ఆవిరి గుండును పూర్తిగా తరుమవలెనన్న దానికి తగిన చోటు కావలెను. కావున పొడుగు గొట్టము ఆనాటి అవసరము. మన తలంపునకు మూలమిదియే.

చిన్న తూటా కథ వేరు. 1845 ప్రాంతమున పారిసు నగరమందు ఫ్లోబేర్ అను తుపాకుల పనివాడు, టోపీ తుపాకికి వాడు చిన్న రాగిటోపీలోనే ఒక గుండును అమర్చెను. ఇంటిలోపల గురిచూచి వినోదించుటకు అది చాలెను. 1857లో అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ వారు, అడుగున మడిచిన అంచులో రగులుమందు నిలుచునట్లు ఒక చిన్న తూటాను చేసిరి. రైఫిలు సూది ఆ అంచును నొక్కినపుడు మందు రగులును. 1887లో స్టీవెన్స్ కంపెనీవారు దానినే కొంత పెంచి ‘లాంగ్ రైఫిల్’ అను తూటాను తెచ్చిరి. నేటికిని లోకమంతట వాడుకలోనున్నది అదియే.

ఈ తూటాలోని పొగలేని మందు మిక్కిలి స్వల్పము. గుండు సుమారు 16 అంగుళములు సాగునప్పటికే దానికి రావలసిన వేగములో అధికభాగము వచ్చివేయును. అటుపిమ్మట ఆవిరి వత్తిడి తగ్గును, గొట్టపు రాపిడి మిగులును. ఇంకను పొడిగించిన లాభము అత్యల్పము. ఒక్కొక్కప్పుడు వేగము తగ్గుటయు కలదు. మరి మన శిక్షణ రైఫిలు గొట్టము ఇంచుమించు 25 అంగుళములుండుట ఏల?

సమాధానము సైన్యచరిత్రలో దొరకును. 1899 నుండి 1902 వరకు దక్షిణాఫ్రికాలో జరిగిన బోయరు యుద్ధమున రైతుల గురి ఎదుట బ్రిటిషు సిపాయిల గురి తేలిపోయినది. అప్పటినుండి ఆ దేశమున గురి నేర్పుటకు గొప్ప ఉద్యమము సాగినది. అదే కాలమున లీ ఎన్‌ఫీల్డు రైఫిలు గొట్టమును 30 అంగుళములనుండి 25 అంగుళములకు కుదించిరి. పొట్టి గొట్టముతో గురి చెడునని నిపుణులు గగ్గోలు పెట్టిరి. 1914లో మొదలైన మహాయుద్ధము ఆ భయము వట్టిదని తేల్చినది.

శిక్షణకు చౌకతూటా కావలెను, చేతికి మాత్రము యుద్ధపు రైఫిలే అలవాటు కావలెను. అందుచేత త్రీ నాట్ త్రీ రైఫిలునకే చిన్న గొట్టము, అంచును కొట్టు బోల్టు అమర్చిరి. తూటాలను ఒక్కొక్కటిగా చేతితోనే వేయవలెను. మ్యాగజైను పెట్టె కేవలము ఖాళీ తొడుగులు పడుటకే మిగిలినది. బరువు, తూకము, గురికన్నులు అన్నియు పాతవే. ఆ పొడవు గుండునకు కాక మనిషికి ఉద్దేశింపబడినది. కంటికి దానివలన మేలు కూడ కలదు. 25 గజముల దూరమున గురిపెట్టునపుడు గురికన్నుల నడుమ 15 అంగుళములున్నచో, అంగుళములో నూరవవంతు పొరపాటు లక్ష్యముపై 0.60 అంగుళమగును. నడుమ 25 అంగుళములున్నచో అదే పొరపాటు 0.36 అంగుళమే యగును.

ఇక నమ్మదగినతనము మాట. అంచు తూటాకు ఒక పుట్టులోపము కలదు. తడిగా వేసిన రగులుమందును గిరగిర త్రిప్పి అంచులోనికి చేర్చుదురు. అంచున ఒకచోట మందు చేరకపోయి, సూది సరిగా అచ్చటనే తాకినచో తూటా పేలదు. అది గొట్టపు పొడవుతో తీరు లోపము కాదు. వెనుకటి రగులుమందుతో మరియొక చిక్కుండెడిది: అది కాలి ఒక ఉప్పును మిగిల్చెడిది. నౌపడ ఉప్పుమళ్లనెరిగిన మనకు దాని గుణము చెప్పనక్కరలేదు. వానకాలమున ఇంటి ఉప్పుకుండ చెమ్మగిల్లినట్లే ఆ ఉప్పు గాలిలోని తేమను పీల్చి గొట్టమును తుప్పు పట్టించెడిది. అది నూనెలో కరగదు గనుక సిపాయిలు ముందు వేడినీటితో కడిగి, పిదప పుల్‌త్రూ త్రాడుతో నూనెగుడ్డ లాగెడివారు. 1920 దశకమున తుప్పు పట్టించని రగులుమందు వచ్చి ఈ బాధను తగ్గించినది. కాని ఉద్దానపు సముద్రపుగాలికి ఏ ఇనుపవస్తువైనను లోకువే. తుడువని రైఫిలు ఎంత పొడుగుదైనను నమ్మదగినది కాదు.

మనదేశమున ఈ చిన్న రైఫిలునకు మరియొక చరిత్ర కలదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము భారతీయునికి లైసెన్సు విధించి, ఐరోపీయులకు మినహాయింపు నిచ్చెను. స్వతంత్రము వచ్చిన మరుసటి ఏడే, 1948లో, ఎన్.సి.సి. చట్టము వచ్చినది, 1949లో బాలికల విభాగమును ఏర్పడినది. చీనా యుద్ధము తరువాత 1963లో కళాశాల యువకులకు ఈ శిక్షణ నిర్బంధమై, 1968 వరకు అట్లే సాగినది. ఒకప్పుడు తుపాకి ముట్టుటకు అనుమతి లేని జాతి బిడ్డలకు రాజ్యమే రైఫిలు నిచ్చి, గురిని, దానితోపాటు నిగ్రహమును నేర్పినది.

ఆ నిగ్రహము ఇందు ముఖ్యము. 25 గజముల అట్టపై గురిపెట్టు ఈ చిన్నగుండు అడ్డులేనిచో మైలునకు మించి పోగలదు. మీట నొక్కినను పేలని తూటా ఒక్కొక్కప్పుడు క్షణము ఆలసించి పేలును. అందుచేతనే, పేలనపుడు మూతిని లక్ష్యమువైపే ఉంచి, అర నిమిషమైనను ఆగి, పిమ్మట బోల్టు తీయవలెనని శిక్షకులు చెప్పుదురు. తూటా ఎంత మంచిదైనను ఎప్పుడో ఒకప్పుడు తప్పును. ఆ వేళ ప్రక్కనున్న పిల్లవానిని కాపాడునది గొట్టపు పొడవు కాదు, పట్టినవాని ఓర్పు.