కోరికల పత్రము



ముప్పదియేండ్లకు పైగా పల్లెబడులలో తెలుగు బోధించి, విశ్రాంతి గైకొని, నేనిప్పుడు హైదరాబాదునందలి పంజగుట్టలో కాపురముండుచున్నాను. కొంతదూరము నడచినచో అమీర్‌పేట వచ్చును. 1990 దశకమునుండి ఆ పేట కంప్యూటరు విద్యకు పేరుగన్నది. మైత్రీవనము చుట్టుపట్ల, ఆదిత్య ఎన్‌క్లేవు సందులలో, గోడలు కానరానంతగా శిక్షణాలయముల బోర్డులు వ్రేలాడుచుండును. పల్లెలనుండి వచ్చిన బిడ్డలు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు సర్దుకొని, టిఫిను బండికడ నిలుచుండి తిని, తరగతులకు పరుగిడుదురు. దీనిని జూచి నవ్వువారు గలరు. వారములు చేసికొని చదివినవాడను గనుక నేను నవ్వజాలను.

నా మేనల్లుడును అచటనే చదువుచున్నాడు. వాడు నేర్చునది ప్రోగ్రాము వ్రాయుట కాదు. అంతకు ముందు పని. ఇల్లు కట్టించువాడు మేస్త్రికి తన కోరికలన్నియు మొదటనే చెప్పవలెను గదా! గోడ లేచిన పిమ్మట, ‘ఇచట ద్వారబంధము పెట్టుమంటినే!’ యన్నచో నష్టమెవరిది? కంప్యూటరు పనియు నట్టిదే. చేయించుకొనువాడు తనకేమి కావలయునో మాటలలో చెప్పును. ఒకడు దానిని పత్రముగా వ్రాయును. ఆ పత్రమును బట్టి వేరొకడు ప్రోగ్రాము కట్టును. దానిని వారు రిక్వైర్‌మెంట్ల పత్రమందురు. నేను కోరికల పత్రమందును.

ఈ పత్రముతో నాకేమి పని యందురా? నా చెల్లెలు వితంతువు, వయస్సు ఏబదియేడు. పేరు చెప్పనక్కరలేని యొక సహాయనిధినుండి ఆమెకు నెలనెల కొంత సొమ్ము రావలసియుండగా పదునొకండు నెలలు రాలేదు. తిరుగగా తిరుగగా తేలినదేమనగా, ఆ నిధివారి కోరికల పత్రమునందొక వాక్యమున్నది: ‘అరువదియేండ్లు నిండిన యుపాధ్యాయులకును వితంతువులకును సాయము నీయవలెను.’ అరువదియేండ్ల నియమము ఉపాధ్యాయులకు మాత్రమేనని వ్రాసినవారి యుద్దేశము. ఇరువురకును అని ప్రోగ్రాము కట్టినవాని గ్రహింపు. వ్యాకరణము రెంటికిని ఒప్పుకొనును. తప్పెవరిదని చెప్పుదుము?

‘మామయ్యా, ఇటువంటి వాక్యములను పట్టుకొనుటకు యంత్రములున్నవి’ అని మేనల్లుడనగా, వాని పుస్తకములను చదివించుకొని వింటిని. ఆ చరిత్రయే నేటి ప్రసంగము.

1968 అక్టోబరులో పశ్చిమ జర్మనీయందలి గార్మిష్ పట్టణమున ప్రోగ్రాముల నిర్మాతలును విద్వాంసులును సమావేశమైరి. తలపెట్టిన పనులు గడువు దాటుట, వ్యయము మితిమీరుట, తీరా వచ్చినది అడిగినది కాకపోవుట వారిని బాధించిన విషయములు. అదే సంవత్సరమున అమెరికాలో ఫిల్‌మోర్ అను భాషావేత్త, వాక్యమునకు క్రియయే కేంద్రమనియు, తక్కిన పదములు దానితో కర్త, సాధనము మొదలగు సంబంధములచే ముడివడియుండుననియు ప్రకటించెను. మన పాణిని కారకములు ఎరిగినవారికి ఇది క్రొత్తమాట కాదు గాని, క్రొత్త పనికి వచ్చినది.

1983లో రస్సెల్ ఆబట్ అనునాయన ఒక ఉపాయము చెప్పెను. కోరికను సామాన్యమైన ఇంగ్లీషులో వ్రాసి, అందలి నామవాచకములను ప్రోగ్రాములోని వస్తువులుగను, క్రియలను అవి చేయవలసిన పనులుగను ఏరుకొనవలెను. బడిపిల్లలచేత పదవిభాగము చేయించుటయే యిది! 1992లో పారిసునందు కొలెట్ రోలాండ్ అను విదుషి మరొకరితో గూడి ఫిల్‌మోరు సిద్ధాంతమును కోరికల పత్రములకు అన్వయించెను. కారకములచే మేలేమనగా, లోపము బయటపడును. ‘సొమ్ము పంపవలెను’ అన్నచో కర్మమున్నది, క్రియయున్నది, పంపువాడెవడు? ఎవరికి పంపవలెను? సంప్రదానము లేని దానము!

మన దేశమునను ఈ త్రోవ తొక్కినవారున్నారు, పని వేరైనను. కాన్పూరు ఐ.ఐ.టి.లో అక్షరభారతి యను బృందమువారు పాణిని మార్గమున భారతీయ భాషలను యంత్రమునకు నేర్పబూనిరి. వినీత్ చైతన్య, రాజీవ్ సంగల్ గారలు ఆ బృందముతో గూడి వ్రాసిన గ్రంథము 1995లో వెలువడినది. అనుసారక మను వారి యంత్రము తెలుగు మొదలగు భాషలనుండి హిందీకి చేర్చుటకై యుద్దేశింపబడినది; ఆ పని కొంత హైదరాబాదు విశ్వవిద్యాలయమునందును సాగినది. సంగల్ గారు పిదప, 1998లో మన గచ్చిబౌలియందు వెలసిన ట్రిపుల్ ఐటికి సంచాలకులైరి.

మరల కోరికల పత్రమునకు వత్తము. అమెరికా అంతరిక్షసంస్థ నాసావారు 1997లో తమ పరీక్షక యంత్రమును గూర్చి ప్రకటించిరి. అది అర్థము గ్రహింపదు. ‘తగినంత’, ‘వీలైనచో’, ‘సముచితముగా’ అనునట్టి జారుమాటలను లెక్కించును. ‘చేయవలెను’ అను విధివాక్యములను వేరుగా లెక్కించును. విధి యెక్కడ, ప్రశంస యెక్కడ అని మీమాంసకులు వాక్యములను వేరుపరచిన దానిలో ఇది మొదటి మెట్టుపాటిది. అయినను అంతరిక్షమునకు పోవు యంత్రమునకు ‘తగినంత ఇంధనము’ అని వ్రాసినచో ఏమగునో యూహింపుడు.

నా చెల్లెలి వాక్యము వంటిదానిని తిన్నగా ఎదుర్కొన్నవారు బ్రిటనునందలి ఓపెన్ యూనివర్సిటీవారు. 2006లో చాంట్రీ, నుసైబే మొదలగువారు, రెండు నామములు సముచ్చయముతో కూడినపుడు ముందున్న విశేషణము ఒకదానికా, రెంటికా అను సందేహమునే పరిశీలించిరి. వారి తెలివి నాకు మిక్కిలి నచ్చినది. ప్రతి ద్వ్యర్థమును దోషమనలేదు. వాక్యమును పలువురిచే చదివించిరి. అందరును ఒకే అన్వయము చెప్పినచో హాని లేదు. చదువరులు చీలిపోయినచో అదియే హానికరమైన సందేహము. అట్టి చోటులను ముందుగా పసిగట్టుటకు, ఏ పదము లే పదములతో తరచుగా కూడివచ్చునో విస్తారమైన వ్రాతలలో లెక్కించి యంత్రమునకిచ్చిరి. ‘ఎఱ్ఱని గాజులు, రవికలు’ అన్నచో చీలిక రావచ్చును. ‘పాలిచ్చు ఆవులు, ఎద్దులు’ అన్నచో ఎద్దును పితుకబోవు వాడుండడు.

ఇటీవల వచ్చిన పెద్ద భాషాయంత్రములు పత్రమంతటిని తామే వ్రాయగలవు. మేనల్లుడు నా యెదుటనే ఒకదానికి ఆ వాక్యమును ఇచ్చి ప్రోగ్రాము కట్టుమనెను. అది మారుమాటాడక ఒక అర్థమును ఎన్నుకొని చకచక కట్టివేసెను. ‘దీనికి రెండర్థములున్నవా?’ అని అడిగిన పిమ్మటనే రెండును చక్కగా విడమరచి చెప్పెను. నాకు భయము కలిగినది అచటనే. నా పాఠశాలలో తెలిసియు అడుగనిదే చెప్పని శిష్యులుండెడివారు; వారికి ప్రోగ్రాము కట్టు అధికారము మాత్రము లేకుండెను. సందేహమున్నచో మొదట అడుగుమని ఆజ్ఞ వ్రాసి, దానిని పనిలో పెట్టవలెను. సరియైన అర్థమేదో యంత్రమునకు ఎట్లు తెలియును? నిధివారి మనస్సులోనిది నిధివారే చెప్పవలెను.

మరియొక చిక్కు. మన పల్లెవారు తమ కోరికను తెలుగులో చెప్పుదురు. పత్రము తరచుగా ఇంగ్లీషులో నుండును. అమీర్‌పేట బిడ్డ ఆ రెంటినడుమ నిలిచినవాడు. వాడు తెలుగులో ‘ఎవరికమ్మా?’ అని మరొకమారు అడుగకపోయినచో, ఆ పిమ్మట ఎంత గొప్ప యంత్రము చదివినను ఆ ప్రశ్న తిరిగి రాదు.

నిధివారు వాక్యమును రెండుగా విరిచిరి: ‘ఉపాధ్యాయులకు అరువదియేండ్లు నిండవలెను. వితంతువులకు వయోనియమము లేదు.’ మేనల్లుడు దానిని ఫోనులో వాని తల్లికి చదివి వినిపించెను. ఆమె విని, ‘బాగున్నదిరా. మరి, గడచిన పదునొకండు నెలల సొమ్ము మాట దానిలో నెక్కడున్నది?’ అని అడిగినది. వాడు పత్రమంతయు తిరుగవేసెను. ఎక్కడను లేదు. ఆ రాత్రియే మరియొక వాక్యము వ్రాసి, తెల్లవారగనే నిధివారి కచేరీకి పోయినాడు.