బూచోడికి కులం తగిలించిన కథలు

సూరత్‌లోని పాండేసరలో సాంచెల (మరమగ్గాల) మీద బతికే తెలుగు ఇళ్ళల్లో పిల్లాడు అన్నానికి మారాం చేస్తే నానమ్మ బూచోణ్ణి పిలుస్తుంది. ఆ బూచోడికి ఊరూ పేరూ లేవు, కులమూ మతమూ అంతకన్నా లేవు. ఇంగ్లండులో మాత్రం బూచోడు యూదుడయ్యాడు.

1255లో లింకన్ పట్టణంలో హ్యూ అనే తొమ్మిదేళ్ళ పిల్లాడు బావిలో శవమై దొరికాడు. యూదులే చంపారన్నారు, పలువుర్ని ఉరితీశారు. 1290లో రాజు యూదులందరినీ దేశం నుంచే వెళ్ళగొట్టాడు. అయినా దాదాపు వందేళ్ళకు కవి చాసర్ తన కాంటర్‌బరీ కథల్లో యూదులు ఓ ఏడేళ్ళ బాలుడి గొంతు కోయించినట్టు రాశాడు. అప్పటికి ఆ కథ విన్నవాళ్ళలో యూదుణ్ణి కళ్ళారా చూసినవాళ్ళు ఎందరుంటారు? కంటబడని మనిషి మీద ఎంతైనా అల్లొచ్చు. మన సూరత్‌కు మాత్రం యూదులు రేవులో దిగే వర్తకులుగా తెలుసు. 1792లో అలెప్పో నుంచి వచ్చిన షాలోమ్ కోహెన్ 1798లో కలకత్తా వెళ్ళేదాకా ఇక్కడే వ్యాపారం చేశాడు.

అసలు దెబ్బ ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్‌ది. 1837లో మొదలైన 'ఆలివర్ ట్విస్ట్'లో యూదు దొంగ ఫాగిన్ తొలిసారి కనిపించేది పొయ్యి ముందు: చింపిరి ఎర్రజుట్టు, చేతిలో ముళ్ళ గరిటె, పెనంలో సాసేజ్‌లు. పాత నాటకాల్లో సైతాను వేషమే. ఆకలితో వచ్చిన పిల్లాడికి వాడే తిండి పెడతాడు, తర్వాత జేబులు కొట్టడం నేర్పిస్తాడు. పిల్లల గుండెల్లో భయం దిగేది సరిగ్గా అక్కడే. పేరున్నా రచయిత వాణ్ణి వందలసార్లు 'యూదుడు' అనే అన్నాడు. 1863లో ఎలైజా డేవిస్ అనే యూదు మహిళ ఉత్తరం రాసి నిలదీసింది. డికెన్స్ మొదట సమర్థించుకున్నాడు. తర్వాత మరో నవలలో రయా అనే మంచి యూదుణ్ణి సృష్టించాడు, 'ఆలివర్ ట్విస్ట్' 1867 కూర్పులో 'యూదుడు' అన్న మాటను చాలాచోట్ల తీసేశాడు. అదీ పుస్తకం రెండో సగంలోనే.

మనం మాత్రం తక్కువ తిన్నామా! 1871 నాటి నేరజాతుల చట్టం కొన్ని జాతుల్ని పుట్టుకతోనే దొంగలన్నది. మద్రాసు రాష్ట్రంలో ఎరుకల కుటుంబాల్ని బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. 1952లో చట్టం పోయింది, ఊరి పేరు మీద మచ్చ పోలేదు. 1991లో ఆ పేరుతోనే రెండు సినిమాలొచ్చాయి. 2018లో తెలంగాణ ఫోన్లలో 'పార్థీ గ్యాంగ్ పిల్లల్నెత్తుకుపోతోంది' అన్న పుకారు తిరిగింది. ఆ జూన్‌లోనే అహ్మదాబాద్‌లో బిచ్చమెత్తుకునే ఒకామెను పిల్లల దొంగ అనుకుని జనం కొట్టి చంపారు. పార్థీలూ ఆ పాత చట్టం ముద్ర పడ్డవాళ్ళే.