శీతలవాయువుల వర్తకము

ఫ్రిజ్జు చెడినప్పుడు మెకానిక్ రాగిగొట్టమును కోసి, లోని వాయువును బుస్సుమని గాలిలోనికి విడిచివేయుట ఒకకాలమున సర్వసామాన్యము. ఆ వాయువులు ఓజోను పొరకు చేటు తెచ్చునని శాస్త్రజ్ఞులైన మోలినా, రోలండులు 1974లో హెచ్చరించిరి. 1987 సెప్టెంబరు 16న మాంట్రియలులో కుదిరిన ఒడంబడిక వర్తకమునే ఆయుధముగా గైకొని, తనలో చేరని దేశములతో వాని క్రయవిక్రయములను నిషేధింప సంకల్పించుటచే, వెలుపల నిలిచినవారికి విపణి మూతపడు గతి పట్టెను. నిషేధమొక్కటియే చాలునా? కర్మాగారములను మార్చుకొనుటకు ధనమెక్కడిదని భారతము, చైనా పట్టుపట్టగా, 1990లో లండనులో బహుపాక్షికనిధి యేర్పడెను. 1992లో మనదేశము ఒడంబడికలో చేరెను. ఆ పట్టుదల న్యాయమైనదనియే నా తలంపు. ఆ వాయువులు భూతాపమును సైతము పెంచునవి గనుక, ఓజోనుకై చేసిన యేర్పాటు వాతావరణమునకును రక్షయైనది. వానికి బదులుగా వచ్చిన హెచ్‌ఎఫ్‌సీ వాయువులును భూతాపకారకములే యగుటచే, వానిని క్రమముగా తగ్గించుటకు 2016లో కిగాలిలో దేశములు సమ్మతించినవి.